ఎన్ని మాటల్లో 'నేను'?

ఒక ఆడపిల్ల తన గురించి తను చెప్పుకోవడానికి ఎన్ని మాటలు కావాలి? విశ్వవిద్యాలయాల దగ్గర ఈ ప్రశ్నకి సిద్ధంగా లెక్కలున్నాయి. బ్రిటన్‌లో డిగ్రీ చదువులకి దరఖాస్తులు తీసుకునే యూకాస్ సంస్థ ఖాళీలతో సహా 4000 అక్షరాలు దాటనివ్వదు. 2026 ప్రవేశాల నుంచి ఆ 4000 అక్షరాలనే మూడు ప్రశ్నలకి పంచిపెట్టింది. ఈ చదువే ఎందుకు, ఇప్పటిదాకా చదివింది నిన్ను దానికెలా సిద్ధం చేసింది, చదువు బయట ఏం చేశావు అన్నవి ఆ ప్రశ్నలు. ఒక్కో జవాబు కనీసం 350 అక్షరాలుండాలి. అమెరికాలో వెయ్యికి పైగా కాలేజీలు వాడుకునే కామన్ అప్లికేషన్‌లో వ్యాసం 250 మాటలకి తగ్గకూడదు, 650 దాటకూడదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డిగ్రీ ప్రవేశానికి ఎనిమిది ప్రశ్నలిచ్చి నాలుగు ఎంచుకోమంటుంది. ఒక్కోదానికి 350 మాటలు మించకూడదు. మన పిల్లలు ఎక్కువగా వెళ్ళే ఎమ్మెస్, పిహెచ్‌డిలకి మాత్రం అందరికీ ఒకటే కొలత లేదు. 'స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్' అనీ 'పర్సనల్ స్టేట్‌మెంట్' అనీ రెండు రకాలుగా అడుగుతారు. మొదటిదాంట్లో ఏం చదవాలనుకుంటున్నావో చెప్పాలి, రెండోదాంట్లో నువ్వెవరో చెప్పాలి. కొన్నిచోట్ల రెండూ కావాలంటారు. పరిమితి చెప్పనిచోట 500 నుంచి 1000 మాటలు, అంటే ఒకటీ రెండు పేజీలు, సరిపోతాయి.

సాహిత్యంలో పిహెచ్‌డి చేసినదాన్ని కాబట్టి ఇంగ్లీషు దిద్దిపెడతానని నా దగ్గరికి ఏటా కొందరు పిల్లలు వస్తుంటారు. మా విద్యార్థులు, వాళ్ళ చెల్లెళ్ళు, మా వీధి పిల్లలు. "మేడం, ఎంత రాయాలి?" అన్నదే వాళ్ళ మొదటి ప్రశ్న. పై లెక్కలన్నీ చెప్పాక కూడా ఆ ప్రశ్న ఆగదు. వాళ్ళు అడిగేది నిజంగా మాటల లెక్క కాదని నాకు అర్థమవడానికి రెండు మూడేళ్ళు పట్టింది. నా గురించి చెప్పుకోవడానికి నాకు ఎంతవరకు అనుమతి ఉంది అన్నది వాళ్ళ అసలు సందేహం.

అమ్మాయిలు తెచ్చే మొదటి చిత్తుప్రతుల్లో నేను పదే పదే చూసే సంగతి ఒకటుంది. మొదటి పేరా నాన్న గురించి ఉంటుంది. నాన్న ఎంత కష్టపడి చదివించాడో, ఆడపిల్లయినా ఎలా ప్రోత్సహించాడో చెబుతుంది. రెండో పేరాలో కాలేజీ పేరు, మార్కులు. మూడో పేరాలో ఆ విశ్వవిద్యాలయం గొప్పదనం. చివర కృతజ్ఞతలు. రాసినమ్మాయి ఎక్కడుందా అని వెతుక్కోవాలి. రాత్రి రెండింటిదాకా ల్యాబ్‌లో కూర్చుని తనే కనిపెట్టిన తప్పు, దాన్ని సరిచేసిన తీరు, ఆ పనిలో తనకి దొరికిన ఆనందం, వీటిలో ఏదీ కాగితం మీదికి రాదు. అడిగితే నోటితో అరగంట చెబుతుంది. "మరి ఇదెందుకు రాయలేదమ్మా?" అంటే, "గొప్పలు చెప్పుకున్నట్టుంటుంది కదా మేడం" అంటుంది.

కన్సల్టెన్సీ నుంచి వచ్చే ప్రతులది ఇంకో దారి. అమీర్‌పేటలో, దిల్‌సుఖ్‌నగర్‌లో ఎస్‌ఓపి రాసిపెట్టడం ఒక వ్యాపారం. అక్కడ అందరికీ చిన్నప్పటి నుంచీ కంప్యూటర్లంటే ప్రాణమే. అందరూ ఇంట్లో పాత రేడియో విప్పి చూసినవాళ్ళే. ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చాక కన్సల్టెన్సీ దాకా వెళ్ళే పని కూడా లేకుండా అడిగినన్ని మాటలు నిమిషంలో వచ్చిపడుతున్నాయి. పొడవు కచ్చితంగా సరిపోతుంది, మనిషే ఉండదు. అమ్మాయి సొంతంగా రాసినదాంట్లో నాన్న ఆమెను కప్పేస్తే, కొనుక్కున్నదాంట్లో ఎవరో ఊరూ పేరూ లేని కుర్రాడు కప్పేస్తాడు.

ఇది ఒక్క బిడియమేనా? మన భాషలోనే దీనికి చోటుందనిపిస్తుంది నాకు. మనం మాట్లాడుకునే తీరు గమనించండి. "మావాళ్ళు నన్ను డిగ్రీ దాకా చదివించారు. తర్వాత పెళ్ళి చేశారు. అత్తగారు ఉద్యోగానికి పంపించారు." చదివింది ఆమె, పెళ్ళయింది ఆమెకి, పొద్దున్నే లేచి వంట చేసి బస్సెక్కి ఉద్యోగానికి వెళ్ళింది ఆమె. వాక్యంలో మాత్రం కర్త ఇంకెవరో. కొడుకుల్నీ 'చదివించాం' అనే అంటారు, నిజమే. అయితే వాడు ఉద్యోగంలో చేరగానే క్రియ మారిపోతుంది. "మావాడు కష్టపడి పైకొచ్చాడు" అంటారు. కూతురి విషయంలో ఆ 'ఇంచు' ప్రత్యయం పెళ్ళి దాకా, పెళ్ళి తర్వాత దాకా వెంటాడుతుంది. తెలుగులో 'నేను' అనకుండానే వాక్యం నడుస్తుంది, 'చదివాను' అంటే చాలు. ఇంగ్లీషులో అలా కుదరదు. ప్రతి వాక్యం ముందూ 'నేను' నిలబడాలి. ఇరవై రెండేళ్ళ అమ్మాయి మొదటిసారి తన పేరు మీద పాతికసార్లు 'నేను' అని రాయాల్సి వచ్చినప్పుడు తడబడటంలో వింత లేదు. అందుకే వాళ్ళకి మొదటి అభ్యాసంగా ఒకటే చెబుతాను. నీ చిత్తుప్రతిలో 'ఇంచు' వచ్చిన ప్రతి క్రియ కిందా గీత గీయి. చేసింది నువ్వే అయితే వాక్యం తిరగరాయి.

ఇంకో చిన్న లెక్క కూడా పనికొస్తుంది. ముందు తెలుగులో రాసుకోమంటాను. మన మాట ఒకటి ఇంగ్లీషులో ఒక్కోసారి నాలుగైదు మాటలవుతుంది. 'రాయలేకపోయానని' అన్న ఒక్క మాటకి అక్కడ అయిదు కావాలి. కాబట్టి తెలుగులో 300 మాటలు దాటితే ఇంగ్లీషులో 500 పరిమితి మించే ప్రమాదముంది. ఇది తెలియక పిల్లలు చివర్లో హడావుడిగా కోస్తారు. హడావుడిలో ముందు తెగిపడేది ఎప్పుడూ వాళ్ళ సొంత పేరానే. విశ్వవిద్యాలయాన్ని పొగిడిన పేరా మాత్రం భద్రంగా ఉంటుంది.

నా పరిశోధన స్త్రీల స్వీయ కథనాల మీద. 1934లో వచ్చిన ఏడిదము సత్యవతి 'ఆత్మచరితము' నుంచి, 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' దాకా చదువుకుంటూ వచ్చాను. ఆ రెండో పుస్తకంలో తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు మాట్లాడారు. వాళ్ళు చెప్పింది రికార్డు చేసి అక్షరాల్లోకి మార్చారు. ఎవరో ఎదురుగా కూర్చుని వింటే తప్ప ఆ చరిత్ర బయటికొచ్చేది కాదు. నేనూ ఊళ్ళకి వెళ్ళి పెద్దవయసు స్త్రీలతో మాట్లాడేదాన్ని. టేపు పెట్టగానే మొదటి మాట ఎక్కడైనా ఒకటే. "నాదేమున్నది బిడ్డా చెప్పతందుకు?" ఆ తర్వాత మూడు గంటలు చెప్పేవాళ్ళు. ఎక్కడ మొదలుపెట్టాలో, ఏది ముఖ్యమో వాళ్ళకి బాగా తెలుసు. లేనిదల్లా అడిగేవాళ్ళే. నా దగ్గరికొచ్చే చదువుకున్న అమ్మాయి మొదటి ప్రతికీ, ఆ పెద్దామె మొదటి మాటకీ పెద్ద తేడా లేదు. "నాదేముంది" అన్నదే రెండు చోట్లా ఉంది.

మన దగ్గర దరఖాస్తులు ఎవరి కథా అడగవు. ఇంటర్ అయినా ఎంట్రన్స్ అయినా మార్కులో ర్యాంకో చాలు. ఫారంలో మనిషి గురించి ఉండేవి కొన్ని గళ్ళే. తండ్రి లేక భర్త పేరు, కులం, ఆదాయం. ఇరవై ఏళ్ళపాటు ఆ గళ్ళలో ఇమిడిన అమ్మాయిని ఒక్కసారిగా తెల్లకాగితం ముందు కూర్చోబెట్టి నువ్వెవరో చెప్పమంటే, గళ్ళలో ఉన్నదే మళ్ళీ రాస్తుంది. ముందు తండ్రి పేరు.

ఈ చోట నాకు ఆనందీబాయి జోషి గుర్తొస్తుంది. తొమ్మిదేళ్ళకి పెళ్ళి. పద్నాలుగేళ్ళకి పుట్టిన బిడ్డ పది రోజులకే పోయింది. ఆమెను అమెరికాలో చదివించాలని మొదట ఉత్తరాలు రాసింది భర్త గోపాలరావు. అప్పటికి ఆమె కూడా 'చదివించబడే' మనిషే. 1883 ఫిబ్రవరిలో శ్రీరాంపూర్ కాలేజీ హాల్లో తను అమెరికా ఎందుకు వెళ్తున్నదో ఆమె స్వయంగా నిలబడి చెప్పింది. అదే ఏడాది జూన్‌లో పెన్సిల్వేనియా స్త్రీల వైద్య కళాశాలకి తన చేత్తో ఉత్తరం రాసింది. కళాశాల అడిగే అర్హతలన్నీ తనకి లేకపోవచ్చని దాచకుండా చెప్పింది. పురుష వైద్యుల దగ్గరికి వెళ్ళలేక చచ్చిపోతున్న తన దేశపు స్త్రీలకి వైద్యం అందించడానికి వచ్చానని చెప్పింది. ఆ ఉత్తరం ఇప్పటికీ ఫిలడెల్ఫియాలో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం భద్రపరిచిన పత్రాల్లో ఉంది. ఆమెకి సీటొచ్చింది. 1886లో పట్టా పుచ్చుకుంది. 1887 ఫిబ్రవరిలో, ఇరవై రెండేళ్ళు నిండకుండానే, క్షయతో పోయింది. పర్సనల్ స్టేట్‌మెంట్ ఎలా ఉండాలని అడిగేవాళ్ళకి నేను ఆ ఉత్తరం సంగతి చెబుతాను. ఏం కావాలి, ఎందుకు కావాలి, తన దగ్గర ఏముంది, ఏం లేదు. ఈ నాలుగూ ఉన్నాయి. బిడ్డను పోగొట్టుకున్న దుఃఖంతో జాలి అడగలేదు.

అయితే ఈ కాగితాన్ని మరీ పవిత్రంగా చూడాల్సిన పనీ లేదు. దీని పుట్టుక అంత మంచిది కాదు. 1920లలో హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయాలు మార్కులు ఒక్కటే చూస్తే యూదు విద్యార్థులు ఎక్కువైపోతున్నారని కంగారుపడి 'శీలం', 'వ్యక్తిత్వం' అనే కొలబద్దలు తెచ్చాయి. సొంత వ్యాసం, ఫోటో, ఇంటర్వ్యూ దరఖాస్తులో భాగమైంది అలాగే. జెరోమ్ కరాబెల్ 2005లో వచ్చిన 'ది చోజెన్' పుస్తకంలో ఈ చరిత్ర వివరంగా రాశాడు. నువ్వెవరో చెప్పు అన్న ప్రశ్న వెనక, నువ్వు మా వాడివి కాదని తేల్చుకునే ఉద్దేశం ఉందన్నమాట. ఇంకో వైపూ ఉంది. 2023 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకునే పద్ధతిని కొట్టేసింది. జాతి తన బతుకుని ఎలా ప్రభావితం చేసిందో విద్యార్థి వ్యాసంలో చెప్పుకుంటే దాన్ని విశ్వవిద్యాలయం పరిగణించడానికి మాత్రం అడ్డులేదంది. గడిలో ఉన్న గుర్తింపు ఇప్పుడు వ్యాసంలోకి రావాలి. అంటే వివక్ష ఎదుర్కొన్నవాళ్ళే దాన్ని అందంగా, పరిమితి మించకుండా చెప్పే భారం కూడా మోయాలి.

పొడవు అందరికీ సమానమే కదా, అన్యాయమేముంది అని అడగొచ్చు. 2012లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన స్టీవెన్ జోన్స్ బ్రిటన్‌లో ఒకే రకం మార్కులొచ్చిన విద్యార్థుల 309 స్టేట్‌మెంట్లు పరిశీలించాడు. ప్రైవేటు స్కూళ్ళ పిల్లల రాతల్లో తప్పులు తక్కువున్నాయి. పెద్ద సంస్థల్లో చేసిన పని అనుభవం గురించి వాళ్ళు ధారాళంగా రాసుకున్నారు. మామూలు సర్కారు బడి పిల్లలకి దిద్దిపెట్టేవాళ్ళు లేరు, చెప్పుకోవడానికి అలాంటి అనుభవాలూ లేవు. మార్కులొకటే, కాగితమొకటే, దాన్ని నింపే సామగ్రి మాత్రం ఇంటిని బట్టి ఉంది. ఆడపిల్లకి ఇంకో లెక్క కూడా కలుస్తుంది. తమ్ముడు కోడింగ్ పోటీలకి వెళ్ళిన ఆదివారాలు ఆమె ఇంటిపనిలో గడిపింది. 'చదువు బయట ఏం చేశావు' అనే ప్రశ్నకి ఆమె దగ్గర జవాబు లేక కాదు. వంట, మంచాన పడ్డ నాయనమ్మ సేవ, తమ్ముడి హోంవర్కు జవాబని ఆమెకి ఎవరూ చెప్పలేదు. అదీ రాయమంటాను. బాధ్యత, సమయపాలన, ఓర్పు అనే పెద్ద మాటలకి మన ఇళ్ళలో దొరికే రుజువులు అవే.

నా సంగతీ చెప్పాలి. పిహెచ్‌డి మధ్యలో నాకు బాబు పుట్టాడు. స్త్రీ పరిశోధకులకి ప్రసూతి, శిశు సంరక్షణల కోసం మొత్తం కాలంలో ఒకసారి 240 రోజుల దాకా సెలవివ్వవచ్చని యూజీసీ 2016 నిబంధనల్లో చేర్చింది. ఆ సెలవు వాడుకున్నాను. పట్టా వచ్చాక మా అత్తగారికి పక్షవాతం వచ్చింది. మూడేళ్ళు ఇంట్లోనే ఉన్నాను. తర్వాత ఒక కాలేజీలో ఇంటర్వ్యూకి వెళ్తే, "మూడేళ్ళు ఖాళీగా ఉన్నారేం?" అని అడిగారు. ఖాళీ! ఆ మూడేళ్ళలో నేను ఒక పూటైనా ఖాళీగా లేను. అదే మూడేళ్ళు ఒక మగవాడు అశోక్‌నగర్‌లో గదిలో కూర్చుని సివిల్స్‌కి చదివితే దాన్ని ప్రిపరేషన్ అంటారు, ఖాళీ అనరు. ఆ ఉద్యోగం నాకు రాలేదు.

ఆ తర్వాత ఒక విదేశీ ఫెలోషిప్‌కి దరఖాస్తు పెట్టాను. 500 మాటల్లో నా గురించి చెప్పమన్నారు. ఆ మూడేళ్ళకి ఎన్ని ఇవ్వాలి? మొదటి ప్రతిలో కోపంతో 300 మాటలు పోయాయి. చదివి చూసుకుంటే న్యాయంగానే ఉంది. కానీ నా పరిశోధనకి మిగిలింది 200. ఇంటర్వ్యూలో నన్ను తక్కువ చేసినవాళ్ళు నా కాగితంలోనూ సగం పైగా ఆక్రమించినట్టయింది. వాళ్ళకి అంత చోటెందుకు? చివరికి రెండే వాక్యాలుంచాను. ఫలానా ఏడు నుంచి ఫలానా ఏడు దాకా పసిబిడ్డనీ జబ్బుమనిషినీ చూసుకున్నాను. ఆ కాలంలోనే స్త్రీలు ఇంటిపనిని ఏ మాటలతో చెబుతారన్న ప్రశ్న నా పరిశోధనలోకి వచ్చింది. క్షమాపణ లేదు, ఫిర్యాదూ లేదు. మిగతా చోటంతా నా పని గురించే. అప్పటి నుంచి చదువులో గ్యాప్ ఉన్న అమ్మాయిలకి ఇదే చెబుతున్నాను. జరిగింది ఒక వాక్యం, అందులోంచి నువ్వు తెచ్చుకున్నది ఒక వాక్యం. దాచొద్దు, దానికే అంకితమైపోవద్దు.

కిందటేడు ఒకమ్మాయి వచ్చింది. నిజామాబాద్ వైపు పిల్ల. వాళ్ళమ్మ బీడీలు చుడుతుంది. తండ్రి గల్ఫ్‌కి వెళ్ళి తిరిగి రాలేదు. పబ్లిక్ హెల్త్ చదవడానికి స్కాలర్‌షిప్‌కి పెట్టుకుంటున్నది. అందరూ ఆమెకి ఒకటే సలహా ఇచ్చారట. "మీ అమ్మ కథ రాయి, చదివినవాళ్ళు ఏడవాలి. సీటు ఖాయం." ఆ పిల్ల నన్ను అడిగింది, "మేడం, మా అమ్మ దగ్గు నా దరఖాస్తుకి సరుకా?"

ఆ ప్రశ్నకి జవాబు నాకు వెంటనే దొరకలేదు. స్త్రీవాదులుగా మనం ఇన్నేళ్ళూ మౌనాన్ని బద్దలు కొట్టమన్నాం. వ్యక్తిగతమైనదీ రాజకీయమేనన్నాం. ఇప్పుడు దూరదేశపు కమిటీ ఒకటి 'నీ కష్టం చెప్పు, కానీ 650 మాటల్లో చెప్పు, చివర గెలిచినట్టు చెప్పు' అంటోంది. చెప్పడం మనం కోరుకున్నదే. అడిగినవాడి కోసం, అడిగిన కొలతలో, అడిగిన ముగింపుతో చెప్పడం మాత్రం మనం కోరుకున్నది కాదు. అలాగని చెప్పొద్దంటే సీటు పోవచ్చు. ఆ పిల్లకి సీటు అవసరం, నా సిద్ధాంతం కాదు.

ఇద్దరం కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నాం. చివరికి ఆమే తేల్చింది. వాళ్ళమ్మను దుఃఖంగా రాయలేదు, పనిమనిషిగా కాదు, పనిచేసే మనిషిగా రాసింది. వెయ్యి బీడీలకి ఎంత కూలి, ఆకు కత్తిరించడం, తంబాకు పొడి గాలి ఆడని గదిలో ఎలా నిలిచిపోతుంది, తను డిగ్రీలో ఉండగా వాళ్ళ వాడలో పదిహేను ఇళ్ళు తిరిగి దగ్గు ఎన్నాళ్ళుగా ఉందో నోటుబుక్కులో ఎలా రాసుకుంది, అందులోంచి తనకొచ్చిన ప్రశ్నేమిటి అన్నవి రాసింది. వాళ్ళమ్మ రాత్రుళ్ళు ఎలా ఉంటుందో రాయలేదు. నాన్న గురించి ఒక్క మాటా లేదు. 1000 మాటల పరిమితి ఉంటే 740 దగ్గర ఆపేసింది. "ఇంకా చోటుంది కదా" అన్నాను. "ఉండనీయండి మేడం, అది మా ఇంటిది" అంది.

అందుకే ఎంత పొడవుండాలంటే ఇప్పుడు నా జవాబు ఇలా ఉంటుంది. పరిమితి చెప్పినచోట దాటొద్దు. చాలా ఫారాల్లో ఆ పైన రాసింది అసలు ఎక్కదు. చెప్పనిచోట రెండు పేజీలు మించొద్దు. సగానికి పైగా నువ్వు చేసిన పనికి, చేయబోయే పనికి ఇవ్వు. నాన్నకి కృతజ్ఞత ఇంట్లో చెప్పుకో. విశ్వవిద్యాలయం గొప్పదనం వాళ్ళకి తెలుసు, నీకు అక్కడ ఎవరి దగ్గర ఏం నేర్చుకోవాలనుందో అది చెప్పు. పరిమితి నిండలేదని భయపడొద్దు. నీ బతుకంతా వాళ్ళకి బాకీ లేవు.

ఇంకొకటి. కోసేసిన పేరాలు పారేయొద్దు. నా దగ్గరికొచ్చే పిల్లలందరికీ ఒక నోటుబుక్కు కొనుక్కోమంటాను. దరఖాస్తులో పట్టనివి, పట్టినా పెట్టకూడదనుకున్నవి అందులో రాసుకోమంటాను, తెలుగులోనే, ఎన్ని పేజీలైనా. కొందరు నవ్వేసి ఊరుకుంటారు. నిజామాబాద్ పిల్ల మాత్రం విమానం ఎక్కేముందు ఫోన్ చేసి, తన నోటుబుక్కు వాళ్ళమ్మ దగ్గర వదిలి వెళ్తున్నానని చెప్పింది. వాళ్ళమ్మకి చదవడం రాదు. వాళ్ళ చెల్లి రోజుకింత చదివి వినిపిస్తోందట. తప్పుంటే అమ్మ సరిదిద్దుతోందట.